పత్రికావిద్యకు వ్యయ మెంత?

కుమారుని ఇంజనీరింగు చదువునకు పొలము తాకట్టు పెట్టుటకు వెనుదీయని గృహములలోనే, కుమార్తె పత్రికారచన నేర్చెదనన్నచో "ఆ చదువున కింత వ్యయ మేల?" యను ప్రశ్న పుట్టుచున్నది. ప్రశ్న యడుగుట తప్పు గాదు. లెక్క చూడకయే వలదనుట తప్పు. కావున గోదావరీతీరమందలి యానాము బాలికను దృష్టాంతముగా గొని ఆ లెక్కను విచారింతము.

యానాము కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నను, పరిపాలనలో 800 కిలోమీటర్లకు పైబడి దూరమందున్న పుదుచ్చేరికి చెందినది. ఈ సరిహద్దు పూర్వమును బాలికల బ్రదుకులను తాకినదే. 1930లో బ్రిటిషు ఇండియాలో శారదాచట్టము అమలునకు వచ్చినపుడు, ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానామున కది వర్తింపకపోవుటచే, చుట్టుపట్ల జనులు పసిబిడ్డల నచ్చటికి గొనిపోయి వివాహములు జరిపిరి. 1954లో ఫ్రెంచిపాలన తొలగినది. ఎల్ల మాత్రము నిలిచినది. నాడు బాలికల చదువున కడ్డుపడిన యా యెల్లయే నేడు వారి చదువు వ్యయమును పెంచుచున్నది.

ఎట్లన, విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వవిద్యాలయములో పత్రికావిద్యాశాఖ గలదు. అది తెలుగుదేశము, దూరమును తక్కువ. కాని యచ్చట యానాము బాలిక స్థానికేతరురాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన రాష్ట్రవాసుల కొసగు బోధనారుసుము సాయము ఆమెకు లభింపదు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము తన ప్రాంతమునదే. అందును ఈ విద్య గలదు. అయినను అది తమిళదేశము, రాత్రియెల్ల ప్రయాణము, బోధన యాంగ్లమున. ఏ దారిన బోయినను ఏదో యొక వ్యయము తప్పదు.

తలిదండ్రులు సాధారణముగా రుసుము నొక్కదానినే చూతురు. ప్రభుత్వ విద్యాలయములలో రుసుముకన్న వసతి, భోజనము, రాకపోకలే యెక్కువ భారము. నెలకు 7,000 రూపాయ లనుకొందము. ఏటికి 10 నెలల చొప్పున రెండేండ్లకు 1,40,000 రూపాయ లగును. ఐదేండ్లును దూరదేశమున నుంచినచో 3,50,000 రూపాయలు.

ఇచ్చట నొక సులువు గలదు. పత్రికావిద్యలో ఎం.ఏ. చేరుటకు సాధారణముగా ఏ పట్టమైనను చాలును. యానాములోనే డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రభుత్వ కళాశాల యున్నది. ఇంటి యన్నము తినుచు మూడేండ్లు బి.ఏ. ముగించి, పిమ్మట రెండేండ్లు మాత్రమే వసతిగృహమున నుంచినచో పైలెక్కలో 2,10,000 రూపాయలు మిగులును. ఆ మూడేండ్లలో ప్రతిదినము తెలుగు పత్రిక చదివి, ఊరి సంగతి నొకదానిని పదిపంక్తులలో వ్రాయుట యలవరచుకొనవలెను. దీనికి కాసు వ్యయము లేదు.

షెడ్యూల్డు కులముల కుటుంబములలో వార్షికాదాయము 2,50,000 రూపాయలకు మించనివారికి మెట్రిక్ అనంతర విద్యార్థివేతనము గలదు. బ్యాంకులు 4,00,000 రూపాయలవరకు విద్యార్థిఋణమును ఆస్తి తాకట్టు లేక యిచ్చును. చదువు ముగిసిన యేడాదికి తీర్చుట ప్రారంభింపవలెను. కాని వడ్డీ చదువుకాలమునను పెరుగుచునే యుండునని మరువరాదు. పత్రికోద్యోగమున తొలివేతన మల్పము. కావున పెద్దరుసుము గోరు ప్రైవేటు కళాశాలకై పెద్దఋణము చేయుట క్షేమము గాదు.

మరియొక మార్గము: ఈనాడు వంటి దినపత్రికలు స్వంత పాఠశాలలు పెట్టి, పరీక్షలో నెగ్గినవారికి భృతి నిచ్చి పని నేర్పుచున్నవి. అందుకు ప్రతిగా కొంతకాలము కొలువు చేయుదునని యొప్పందము వ్రాయింతురు. ఆ పత్రమును తల్లియు కుమార్తెయు కూర్చుండి చదివిన పిమ్మటనే సంతకము చేయవలెను.

పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు కాకినాడనుండి "సావిత్రి" పత్రికను నడపిన దినములలో ఇట్టి పట్టములు లేవు. నేడు పత్రికాలయములు పట్టము నడుగుచున్నవి. మన స్త్రీల కష్టసుఖములు మన బాలికలు వ్రాయనిచో ఇతరులు వ్రాసినట్లే లోకము నమ్మును. కావున, తల్లులారా! కుమార్తెకు కాదని చెప్పుటకు ముందు ఒక కాగితము దీసికొని, పెండ్లికై దాచిన సొమ్మొకవైపు, ఈ చదువు వ్యయ మొకవైపు వ్రాసి చూడుడు. పెక్కిండ్ల రెండవ యంకె మొదటిదానికంటె చిన్నదిగనే కనబడగలదు.