కూలి డబ్బులో బ్యాంకుల కోత

1969 జూలై 19న కేంద్ర ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. 1980 ఏప్రిల్ 15న మరో ఆరింటిని జాతీయం చేసింది. ఆ ఆరింటిలో మన ఆంధ్రా బ్యాంకు కూడా వుంది. రైతుకూ, చేతివృత్తుల వారికీ, కూలికీ అప్పు పుట్టాలనీ, వడ్డీ వ్యాపారి పట్టు సడలాలనీ ఆనాడు చెప్పారు. చెప్పినదంతా జరగలేదు గాని, పల్లెల దగ్గరకు బ్యాంకులు వచ్చిన మాట నిజం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని అనంతపురం మెట్ట భూముల్లో, విత్తనకాయలకు బ్యాంకులో అప్పు దొరకడం రైతుకు చిన్న విషయం కాదు.

నేడు అదే బ్యాంకుల్లో పేదవాడి ఖాతా నుంచి రకరకాల పేర్లతో చార్జీలు కోస్తున్నారు. కోత పెరుగుతున్న కొద్దీ కౌంటరు దగ్గర జరిగే పని తగ్గుతోంది. ఇది పట్నంలోని ఉద్యోగుల, వ్యాపారుల చిరాకు మాత్రమేనని కొందరు అనుకుంటున్నారు. నిజానికి దీని దెబ్బ ఎక్కువగా తగులుతున్నది వ్యవసాయ కూలీలకూ, సన్నకారు రైతులకూ, కౌలుదార్లకే.

పల్లెల్లో వింటున్న మాట

దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ తర్వాత కూలి డబ్బు నేరుగా ఖాతాలో పడాలన్నప్పుడు మేము బలపరిచాం. మధ్యలో నలుగురి చేతులు పడి కూలి తరిగిపోకూడదంటే అదే మేలని ఇప్పటికీ అంటాం. గాని ఖాతాలో పడిన డబ్బు కూలివాని చేతికి రావడం మరో పనిదినం ఖర్చుతో కూడిన వ్యవహారంగా మారింది.

మా సంఘం పనిమీద పల్లెలు తిరిగేటప్పుడు కూలిరేట్లు, ఇళ్ల స్థలాల తర్వాత ఎక్కువగా మా చెవిన పడుతున్నది బ్యాంకు సంగతే. ఒక మండల కేంద్రంలోని బ్యాంకు ముందు పొద్దున తొమ్మిదికే జనం బారులు తీరి కూర్చుంటారు. లోపల కుర్చీలు నాలుగు, పనిచేసే కౌంటరు ఒకటి. పదకొండుకు “సర్వర్ లేదు, సోమవారం రాండి” అంటారు. పల్లె నుంచి రానూ పోనూ ఆటో చార్జీ, ఆ రోజు కూలి రెండూ పోతాయి. అప్పటికీ డబ్బు చేతికి రాదు.

వేలిముద్ర సంగతి మరొకటి. అరవై దాటిన ఒక కూలి అవ్వ మాతో అన్న మాట ఇది: “ముద్ర పడలేదంట సార్. రాళ్లు మోసీ మోసీ, కలుపు తీసీ తీసీ గీతలు అరిగిపాయ. అది నా తప్పా?” ఆమె మూడుసార్లు తిరిగి నాలుగోసారి డబ్బు తీసుకుంది. ఊర్లోనే డబ్బు ఇచ్చేందుకు బ్యాంకులు బ్యాంకు మిత్రలను పెట్టాయి. వారికి కమీషన్ బ్యాంకే ఇవ్వాలి, ఖాతాదారు దగ్గర పైసా తీసుకోకూడదు. ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. అయినా చాలాచోట్ల పదో ఇరవయ్యో చేతిలో పెడితేగాని మిషన్ మీద వేలు పెట్టనివ్వడం లేదు. ఆ మిత్రలకు బ్యాంకు ఇచ్చే కమీషన్ పొట్ట నింపేది కాదన్నదీ నిజమే. ఆ లోటు కూలివాని దగ్గర పూడుతోంది.

ఎంత పడిందో, ఎంత కోశారో తెలియాలంటే పాస్‌బుక్కులో అచ్చు పడాలి. అచ్చు మిషన్ చెడిపోయిందన్న కాగితం నెలల తరబడి గోడకు వుంటుంది. తీరా అచ్చు పడ్డాక చదివి చూస్తే ఏటీఎం కార్డు చార్జీ, ఎస్సెమ్మెస్ చార్జీ, ఏడాదికి 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా కనిపిస్తాయి. బీమా మంచిదే. కాని ఎప్పుడు సంతకం పెట్టారో, ఏ కాగితం మీద వేలు పెట్టారో తెలియని వారిని ఎందరినో మేము చూశాం. బీమా వున్నదని తెలియని ఇంట్లో మనిషి పోతే ఆ సొమ్ము అడిగే వారెవరు?

కోతల లెక్క

దీన్ని ఒక్క శాఖలో జరిగిన పొరపాటుగా కొట్టివేయడానికి వీల్లేదు. దేశం మొత్తం లెక్క చూడాలి.

స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్ 1 నుంచి కనీస నిల్వ లేని ఖాతాలకు తిరిగి జరిమానా మొదలుపెట్టింది. పల్లె శాఖల్లో వెయ్యి రూపాయలు నిల్వ వుండాలన్నారు. లేకపోతే నెలకు 20 నుంచి 50 రూపాయలు, పైన పన్ను. నిల్వ ఎంత తక్కువగా వుంటే జరిమానా అంత ఎక్కువ. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 197 రూపాయలు. అంటే 50 రూపాయల జరిమానా పావు దినం కూలి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలల్లో ఆ బ్యాంకు ఈ పద్దు కింద వసూలు చేసింది 1,771 కోట్ల రూపాయలు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలలకు ఆ బ్యాంకుకు వచ్చిన నికర లాభం సుమారు 1,581 కోట్లు. దేశమంతటా నిరసన వచ్చాక 2018 ఏప్రిల్‌లో జరిమానా తగ్గించారు, 2020 మార్చిలో పూర్తిగా తీసేశారు.

జరిమానా లేకుండా పేదలకోసమే పెట్టిన ఖాతాలనూ వదలలేదు. ఐఐటి బొంబాయి అధ్యాపకుడు ఆశిష్ దాస్ అధ్యయనం 2021లో బయటికి వచ్చింది. నెలలో నాలుగుసార్లు దాటి డబ్బు తీసినా, పంపినా ఒక్కోసారికి 17 రూపాయల 70 పైసల చొప్పున, దాదాపు 12 కోట్ల ప్రాథమిక ఖాతాల నుంచి 2015-20 మధ్య స్టేట్ బ్యాంకు 300 కోట్లకు పైగా వసూలు చేసిందని అందులో తేలింది.

2023 ఆగస్టులో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇంకా పెద్దది. 2018 నుంచి ప్రభుత్వ బ్యాంకులూ, కొన్ని పెద్ద ప్రైవేటు బ్యాంకులూ కలిసి ఖాతాదారుల నుంచి 35 వేల కోట్లకు పైగా తీసుకున్నాయి. అందులో కనీస నిల్వ లేనందుకు 21 వేల కోట్లు, ఏటీఎం అదనపు వాడకానికి 8 వేల కోట్లు, ఎస్సెమ్మెస్‌లకు 6 వేల కోట్లు. లక్షలు నిల్వ వున్నవాడికి కనీస నిల్వ జరిమానా ఎన్నడూ పడదు. ఆ 21 వేల కోట్లు కట్టినది ఖాతాలో డబ్బు లేనివారే.

2025 జూన్ 1 నుంచి కెనరా బ్యాంకు, ఆ వెనుకే మరికొన్ని ప్రభుత్వ బ్యాంకులు పొదుపు ఖాతాలకు ఈ జరిమానా ఎత్తివేశాయి. మంచిదే. జరిమానా లేకపోయినా బ్యాంకు నడుస్తుందని దీనితో వారే ఒప్పుకున్నట్లయింది. అయితే అంతకు నెల ముందే, 2025 మే 1 నుంచి, ఉచిత వాడకం దాటాక ఏటీఎంలో ఒక్కోసారికి 23 రూపాయల దాకా తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు అనుమతి ఇచ్చి వుంది.

“పేదల ఖాతాలు మాకు భారం” అని మేనేజర్లు అంటూ వుంటారు. 2025 ఆగస్టు నాటికి జన్‌ధన్ ఖాతాలు 56 కోట్లు దాటాయి. వాటిలో వున్న సొమ్ము సుమారు 2 లక్షల 67 వేల కోట్లు. ఈ సొమ్మునే బ్యాంకులు పైకి అప్పులిచ్చి వడ్డీ సంపాదిస్తాయి. పొదుపు ఖాతాకు స్టేట్ బ్యాంకు ఇచ్చే వడ్డీని 2025 జూన్‌లో రెండున్నర శాతానికి దించింది. మరి ఎవరు ఎవరికి భారం?

దూరమైన బ్యాంకు

కోత ఒక ఎత్తు, బ్యాంకు మనకు దూరం కావడం మరో ఎత్తు. సిండికేట్ బ్యాంకు అండతో మన జిల్లాకంటూ శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు వుండేది. 2006లో దాన్ని రాయలసీమ, పినాకిని గ్రామీణ బ్యాంకులతో కలిపి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు చేశారు. పెద్దాఫీసు కడపకు పోయింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపి ఒక్కటే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. పెద్దాఫీసు అమరావతి. ఈ మధ్యలో 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలో, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. 2021లో పాత శాఖల కోడు నంబర్లు చెల్లకుండా పోయాయి. కొత్త కోడు రాయించుకోవడానికి ముసలీ ముతకా ఎన్నిసార్లు తిరిగారో ఆ రోజుల్లో మేము కళ్లారా చూశాం.

కౌంటరు అవతల కూర్చున్న ఉద్యోగిని తిట్టి లాభం లేదు. రిటైరైన వారి స్థానంలో మనుషులను వేయకుండా, ఉన్నవారి మీదే బీమా, కార్డులు అమ్మే పని కూడా మోపుతున్నారు. 2021 మార్చిలోనూ డిసెంబరులోనూ బ్యాంకు ఉద్యోగులు రెండేసి రోజులు సమ్మె చేసినది బ్యాంకుల ప్రైవేటీకరణకు వ్యతిరేకంగానే. వారి పోరాటమూ మన పోరాటమూ వేరు కావు. అయితే తెలుగు రాని ఉద్యోగిని పల్లె శాఖలో ఒంటరిగా కూర్చోబెడితే అటు అతనికీ ఇటు కూలికీ తిప్పలే.

ఎవరికి లాభం?

బ్యాంకు గడప ఎక్కలేనివాడు షావుకారు గడప ఎక్కుతాడు. మూడు లక్షల లోపు పంట రుణం గడువులో కడితే రైతుకు పడవలసిన వడ్డీ ఏడాదికి 4 శాతం. ఊర్లో నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు. అంటే ఏడాదికి 24 శాతం, 36 శాతం. తొలకరికి ముందు పంట రుణం తిరగరాయించుకోవాలంటే పాత బాకీ ముందు కట్టాలి. చేతిలో లేని రైతు షావుకారు దగ్గర రెండు రోజులకు తెచ్చి కడతాడు. కొత్త అప్పు చేతికి రాగానే దాన్ని అతనికే ఇచ్చి, పైన వేలకింత అని ముట్టజెపుతాడు. “కాగితం పని ఈపొద్దు కాలేదు” అని బ్యాంకులో అన్న ప్రతి రోజూ షావుకారుకు ఒక రోజు వడ్డీ.

కౌలుదారుకు అదీ లేదు. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో కార్డుకు భూయజమాని సంతకం కావాలని పెట్టారు. సంతకం పెడితే భూమి పోతుందని భయపడే యజమానులే ఎక్కువ. కౌలుదారు చేలో వేరుశనగ ఎండినా బ్యాంకు లెక్కలో అతను రైతు కాడు.

ఇక పెద్దల సంగతి. 2014-15 నుంచి 2022-23 దాకా తొమ్మిదేళ్లలో బ్యాంకులు పద్దుల్లోంచి తీసేసిన మొండి బాకీలు 14 లక్షల 56 వేల కోట్లని 2023లో ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అందులో సగానికి పైగా, 7 లక్షల 40 వేల కోట్లు, పెద్ద పరిశ్రమలు, సేవా సంస్థలవి. పద్దు తీసేయడం మాఫీ కాదు, వసూలు చేస్తూనే వుంటామని ప్రభుత్వం అంటుంది. వసూలైంది సుమారు 2 లక్షల 4 వేల కోట్లే. అక్కడ అంత ఓపిక వున్నవారికి ఇక్కడ 17 రూపాయల దగ్గర లేదు.

మనం చేయవలసింది

ఉన్న హక్కులు ముందు తెలుసుకోవాలి. 2012 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రతి బ్యాంకులోనూ కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతా వుండాలన్నది. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. మామూలు ఖాతాను ఈ ఖాతాగా మార్చమని అర్జీ ఇవ్వవచ్చు. కనీస నిల్వ జరిమానాతో ఖాతాను సున్నా కిందికి దించకూడదని 2015 ఏప్రిల్ నుంచి నిబంధన వుంది. మూడు లక్షల లోపు పంట రుణాలకు ప్రాసెసింగ్, తనిఖీ చార్జీలు వద్దని 2019 ఫిబ్రవరిలో బ్యాంకులకు చెప్పారు. అడగని బీమా కోత కనిపిస్తే ఆపమని రాసివ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి ఫీజు లేదు. ఒక్కరు పోతే తిప్పి పంపుతారు. ఊరంతా పాస్‌బుక్కులు తీసుకుని ఒకే రోజు పోతే మేనేజరు లేచి వచ్చి మాట్లాడతాడు.

వీటితో పాటు మా సంఘం కోరుతున్నవి ఇవి:

1. కూలి, పింఛన్లు పడే ఖాతాల మీద ఏ పేరుతోనూ చార్జీ వేయకూడదు. ఇంతవరకు కోసింది తిరిగి జమ చేయాలి.

2. వేలిముద్ర పడని వారికి ఆ రోజే మరో గుర్తింపుతో డబ్బు ఇవ్వాలి.

3. బ్యాంకు మిత్రలకు బతకదగ్గ వేతనం బ్యాంకే ఇవ్వాలి. ఖాతాదారు దగ్గర వసూలు ఆగాలి.

4. గ్రామీణ శాఖల్లో ఖాళీలు నింపాలి. ప్రతి శాఖలో తెలుగు వచ్చిన ఉద్యోగి వుండాలి.

5. భూయజమాని సంతకంతో పని లేకుండా కౌలుదార్లకు పంట రుణం ఇవ్వాలి. బాకీ తిరగరాయడానికి రైతును షావుకారు దగ్గరకు పంపే పద్ధతి మానాలి.

ప్రతి ఊర్లో పది పాస్‌బుక్కులు ముందేసుకుని, ఏడాదిలో ఏ పేరుతో ఎంత కోశారో ఒక కాగితం మీద రాసి సంఘానికి అందజేయండి. తొలకరి అప్పులు మొదలయ్యేలోగా ఆ లెక్కలన్నీ కలిపి జిల్లా లీడ్ బ్యాంకు అధికారి ముందు పెడదాం. కలెక్టరు దగ్గర జరిగే బ్యాంకర్ల సమావేశంలో జవాబు చెప్పమని అడుగుదాం.