మాట కష్టమా, విషయం కష్టమా?

ధర్మశాస్త్ర గ్రంథాలను తెలుగులో చదవబోయి, ఇది మనకు అంతుబట్టదని పుస్తకం మూసివేసేవారు ఎందరో ఉన్నారు. అంతుబట్టనిది విషయమా, దాన్ని చెప్పిన మాటలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పోరాడింది గ్రాంథిక భాషలోని కృత్రిమ కాఠిన్యంపైనే గాని, విద్య లోతుపై కాదు.

వారసత్వ శాస్త్రం నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. పామిడిముక్కలలో ఒక ముస్లిం స్త్రీ మరణించిందనుకుందాం. అప్పులు, వసియ్యత్ తీరిన పిమ్మట 7 ఎకరాల మాగాణి మిగిలింది. వారసులు ఆమె భర్త, ఆమె తల్లిదండ్రులకే పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు మాత్రమే. దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 12వ ఆయతు ప్రకారం సంతానం లేని భార్య ఆస్తిలో భర్తకు సగం. 176వ ఆయతు ప్రకారం ఇద్దరు అక్కచెల్లెళ్ళకు మూడింట రెండు వంతులు. ఆస్తిని 6 భాగాలు చేస్తే భర్తకు 3, వారికి 4 రావాలి. కలిపితే 7, ఉన్నవి 6!

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఇటువంటి చిక్కే వచ్చింది. ఆయన సహాబాలను సంప్రదించి, లోటును వారసులందరికీ దామాషా ప్రకారం సర్దారు. దీనినే ‘ఔల్’ అంటారు. నాలుగు సున్నీ మజ్‌హబ్‌లూ దీనినే అనుసరిస్తాయి. ఆ లెక్కన భర్తకు 3 ఎకరాలు, అక్కచెల్లెళ్ళకు చెరి 2 ఎకరాలు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దీనితో ఏకీభవించలేదు. ఆయన దృష్టిలో భర్త సగం తగ్గరాదు, లోటును అక్కచెల్లెళ్ళే భరించాలి. షియా ఫిఖ్హ్‌లోనూ ఇదే పద్ధతి. అప్పుడు వారిద్దరికీ కలిపి వచ్చేది మూడున్నర ఎకరాలే.

ఈ విషయాన్ని ‘అంశాధిక్య న్యూనీకరణం’ అని రాసి ఊరుకుంటే చదువరికి ఏమీ తెలియదు. ‘ఆస్తిని న్యాయంగా పంచుకోవాలి’ అని రాస్తే సులభంగానే ఉంటుంది. ఏది న్యాయమో మాత్రం తెలియదు. మొదటిది విషయాన్ని దాచిపెడుతుంది, రెండవది తీసివేస్తుంది. రెండింటిలోనూ నష్టపోయేది తన హక్కు ఎంతో తెలియని వారసురాలే.

పారిభాషిక పదం ఉండడం దోషం కాదు. ‘ఔల్’ అనే ఒక్క మాట ముఫ్తీలకు పేజీడు వివరణను ఆదా చేస్తుంది. సామాన్య చదువరికి దాన్ని విప్పి చెప్పకపోవడమే దోషం. పదాన్ని ఒకసారి వివరించి, లెక్క వేసి చూపి, ఇమాముల మధ్య భేదాన్ని దాచకుండా చెబితే, అర ఎకరం ఎక్కడ పోయిందో అక్షరాస్యులెవరైనా గ్రహించగలరు. తొలగించవలసింది మాటల ముళ్ళకంపనే. విషయంలోని చిక్కును మాత్రం ఉన్నదున్నట్టు పాఠకుని ముందు ఉంచాలి.