మీకు తెలుసా? ఉత్తుత్తి యుద్ధం... సరంజామా మాత్రం అసలైనది!

యుద్ధం ఉత్తుత్తిదే! తగిలేది ప్లాస్టిక్ గుండే! కానీ ఎయిర్‌సాఫ్ట్ మిల్‌సిమ్ అనే ఈ సైనిక ఆటకు వెళ్లేవాళ్లు మోసుకెళ్లే సామాను ఉంది చూశారూ, అందులో ఒక్కో వస్తువుదీ ఒక్కో వింత. రండి, సంచి విప్పుదాం!

తుపాకీ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ధర కాదు, రంగు కాదు... ‘ఎన్ని జౌళ్లు?’ అని! అంటే, గుండుకు ఎంత శక్తి అని. జపాన్‌లో దానికి హద్దు సుమారు 0.98 జౌళ్లు. అది దాటిందా, ఇక బొమ్మ కాదంటుంది చట్టం! మీరు వెళ్లేచోట హద్దు ఎంతో ముందే కనుక్కోండి. గేటు దగ్గరే కొలుస్తారు మరి!

తేలికైన గుండే దూరం వెళ్తుందనుకుంటున్నారా? కాదు! 0.40 గ్రాముల బరువు గుండు నెమ్మదిగా బయల్దేరుతుంది. అయినా తేలికదాన్ని దాటేస్తుంది! గాలి దాన్ని అంత సులువుగా పక్కకు నెట్టలేదు. అడవిలో ఆటా? బరువైన గుండ్లే తీసుకోండి!

తుపాకీ లోపల ఓ స్పిన్ బౌలర్ దాక్కుని ఉంటాడు! పేరు హాప్-అప్. చిటికెడు రబ్బరు ముక్క, అంతే. పక్కనుంచి జారిపోతున్న గుండును వెనక్కి గిర్రున తిప్పేస్తుంది. ఆ తిరుగుడికి గుండు గాల్లో తేలుతూ 50 మీటర్ల దాకా దూసుకుపోతుంది!

గుండుకూ గొట్టం గోడకూ మధ్య ఎంత చోటుంటుందో ఊహించండి! మేలురకం బ్యారెల్‌లో ఆ రెండింటి వ్యాసాలకూ తేడా 0.08 మిల్లీమీటర్లే! అందుకే నేల మీద పడ్డ గుండ్లు ఏరి మళ్లీ వాడకండి. ఒక్క ఇసుక రేణువు చాలు, గొట్టమంతా గీతలే!

వందల గుండ్లు పట్టే మ్యాగజైన్ ఉంటే గెలుపు మీదేనా? ఆగండి! కొన్ని మిల్‌సిమ్‌లలో మ్యాగజైన్‌కు 30 గుండ్లే నింపనిస్తారు! పైగా మీరు నడుస్తుంటే పెద్ద మ్యాగజైన్ గలగలమంటుంది. పొదలో దాక్కున్నా పట్టించేస్తుంది!

వీపున నీళ్ల సంచి, భుజం మీదుగా గొట్టం. ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా? సైన్యంలో కాదు, సైకిల్ పందెంలో! 1988లో టెక్సాస్ ఎండకు తాళలేక మైకేల్ ఐడ్‌సన్ సెలైన్ సంచిలో నీళ్లు నింపాడు. దాన్ని మేజోడులో దూర్చి వీపుకు తగిలించుకున్నాడు. గొట్టం జారకుండా బట్టల క్లిప్పు పెట్టాడు! అదే నేటి క్యామెల్‌బాక్!

ఒక కంపెనీ వెస్టుకు ఇంకో కంపెనీ పౌచ్ ఇట్టే అతుకుతుంది! రహస్యం కుట్లలో ఉంది. వెస్టు మీది అడ్డపట్టీలకు ప్రతి 38 మిల్లీమీటర్లకూ ఒక కుట్టు. ఎవరు కుట్టినా ఇదే కొలత! ఈ అమరిక పేరే మోలీ. ఆ గుర్తున్నది చూసి కొనండి, మీకు నచ్చినట్టు అమర్చుకోండి.

తుపాకీని నడిపే లైపో బ్యాటరీకి పూర్తిగా ఖాళీ కావడం అస్సలు పడదు! సెల్‌లో 3 వోల్టుల కంటే దిగిందా, పాడైపోయినట్టే! తుపాకీ మందకొడిగా పేలుతోందా? వెంటనే మార్చేయండి. చిన్న అలారం ఒకటి తగిలించుకుంటే అదే కుయ్యిమని చెబుతుంది!

గ్యాస్ తుపాకీలో వాడే గ్రీన్ గ్యాస్ ఏమిటో తెలుసా? దాదాపు అంతా ప్రొపేనే! మన వంటింటి సిలిండర్‌లో ఉండే వాయువుల్లో అదీ ఒకటి! మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగే ఘటం అది. అయినా చలి ముదిరితే దాని ఒత్తిడి పడిపోతుంది, తుపాకీ నీరసపడుతుంది! చలికాలం ఆటకు బ్యాటరీ తుపాకీయే నమ్మకం.

ఇక అన్నిటికంటే ముందు కొనాల్సింది కళ్లజోడు! కాడ మీద, అద్దం మూలన సన్నటి అక్షరాలు వెతకండి. ‘జెడ్87+’ అని ఉందా? ఆ రకం కళ్లజోడు ఉక్కు గుండు దెబ్బకు నిలిచిందని అర్థం! ఆ గుండు సెకనుకు 45 మీటర్లకు పైగా వేగంతో వచ్చి తగిలినా, అద్దం పగల్లేదన్నమాట! మామూలు చలువ కళ్లద్దాలకు అంత సత్తా ఎక్కడిది?

చేతిలో డబ్బు తక్కువుందా? తుపాకీ అద్దెకు తీసుకోండి, వెస్టు అరువు అడగండి. కళ్లజోడు మాత్రం సొంతంగా, మంచిదే కొనండి! ఆట అయిపోయిందని అరిచినా సరే, మైదానం దాటేదాకా తీయకండి!