బాధను గీత లోపల నిలబెడితే ఏమైతది?

కార్టూన్ సినిమాలంటే చిన్నపోరగాండ్ల కోసమని మనోళ్ల లెక్క. నేనైతే మనసు గురించి ఎవరన్న అడిగితే ముందుగాల ‘ఇన్‌సైడ్ అవుట్’ చూడుర్రి అంటా. 2015ల పిక్సర్ కంపెనోళ్లు తీసిన్రు, పీట్ డాక్టర్ డైరెక్టర్. ఆస్కార్ గూడ వచ్చింది.

కథ చిన్నదే. రైలీ అనే పదకొండేండ్ల పిల్ల. అమ్మానాయనతోని మినెసోటా ఇడిసిపెట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతది. దోస్తులు లేరు, ఆడుకునే మంచు లేదు, సామాను లారీ గూడ టైముకు రాలే. సినిమా సగం ఆ పిల్ల తలకాయ లోపల్నే నడుస్తది. అక్కడ సంతోషం, బాధ, భయం, కోపం, అసహ్యం అని అయిదుగురుంటరు. వాళ్ల ముంగట మీటలున్న బల్ల ఒకటి. ఎవరు మీట నొక్కితే రైలీ అట్లుంటది.

సంతోషానికి బాధంటే పడదు. నేలమీద సుద్దముక్కతోని గుండ్రంగ గీత గీసి, ‘నువ్వు దీంట్లకెల్లి బయటికి రావద్దు’ అంటది. నవ్వొస్తది గానీ, మనిండ్లల్ల చేసేది గదే కదా. ‘మొగోడివి, ఏడుస్తవేందిరా’ అన్నమాట గా సుద్దగీతే. రైలీ వాళ్లమ్మ గూడ మంచిగనే చెప్తది: నాయన పరేషాన్ల ఉన్నడు, మనం నవ్వుకుంట ఉంటే ఆయనకు ఆసరా అని. ప్రేమతోనే అన్నది. కానీ ఆ పిల్లకు ఏడ్చే జాగ లేకుండ పోయింది.

తర్వాత అయ్యేది నాకు సినిమా మొత్తంల ముఖ్యమైన సీను. మీటల బల్ల మెల్లగ బూడిద రంగుకు తిరుగుతది. కోపం నొక్కినా పనిచెయ్యది, భయం నొక్కినా పనిచెయ్యది. రైలీ అమ్మ కార్డు దొంగతనంగ తీస్కొని బస్సెక్కుతది. మొఖంల ఏడుపు లేదు, కోపం లేదు, ఏం లేదు. డిప్రెషన్ అంటే ఎప్పుడూ ఏడుస్తనే ఉంటరని చానమంది అనుకుంటరు. అందరికీ అట్ల ఉండదు. కొందరికి ఏదీ అనిపియ్యకపోవుడే రోగం. ఇష్టమైన కూర రుచి తెల్వది, క్రికెట్ ఆడబుద్ది కాదు, దోస్తు ఫోన్ జేస్తే ఎత్తబుద్ది కాదు. ఊరిడిసి హాస్టల్‌ల పడ్డ పోరగాండ్లకు ఈ సీను చెప్పనక్కర లేకుండనే సమజైతది.

ఆఖరుకు బాధ మీట నొక్కితేనే రైలీ బస్సు దిగుతది, ఇంటికొచ్చి అమ్మానాయన ముంగట ఏడుస్తది. నడుమల బింగ్‌బాంగ్ సీను గూడ గిట్లాంటిదే. ఆయన ఇష్టమైన బండి పోయి కూలబడ్డప్పుడు సంతోషమొచ్చి చక్కిలిగింతలు పెడ్తది, లేవడు. బాధొచ్చి పక్కన కూసుంటది, ‘నీకిష్టమైంది పోయింది కదా’ అంటది. ఏడ్చి, లేస్తడు.

2024ల రెండో సినిమా వచ్చింది. రైలీకి పదమూడేండ్లు, కొత్తగ ఆందోళన అనేటామె వస్తది. చెడ్డదేం కాదు, రేపటి కోసం పిల్లను కాపాడాలనే చూస్తది. కానీ మీటమీదికెల్లి చెయ్యి తియ్యది. హాకీ ఆటల రైలీకి ఊపిరాడది, గుండె దడదడ కొట్టుకుంటది. దాన్నే పానిక్ అటాక్ అంటరు. గుండెపోటు లెక్కనే అనిపిస్తది, అందుకే మొదటిసారి వచ్చినోళ్లు డాక్టరుకు చూపెట్టుకునుడే మంచిది.

ఒక్క ముచ్చట మాత్రం ఖుల్లా చెప్తా. సినిమా చూసి ‘వాడు డిప్రెషన్, ఇది యాంగ్జైటీ’ అని పేర్లు పెట్టుడు నాకు నచ్చది. 2000ల కెనడా వైద్య పత్రికల డాక్టర్లు ‘విన్నీ ద పూ’ కథల జంతువులకు ఒక్కోదానికి ఒక్కో రోగం రాసిన్రు. తేనె ఇడువని ఎలుగుబంటి, వణికే పందిపిల్ల, ఎప్పుడూ దిగులుగుండే గాడిద ఈయోర్, అందరికీ చీటీలే. వాళ్లు ఎగతాళికి రాసిన్రు. ఇంటర్నెట్ల చానమంది నిజమనుకొని పంచుకుంట తిరుగుతున్రు. నన్నడిగితే, ఈయోర్ రోగం పేరు కంటే దోస్తులు ఆయనను ఇడిసిపెట్టకుండుడే చూడాలె.

మీకుగానీ మీ దోస్తుకుగానీ రెండు వారాలు దాటినా దినమంతా మనసు గట్లనే ఉంటే, నిద్రా తిండీ తప్పితే, చావాలన్న ఆలోచనొస్తే రెండు వారాలు గూడ ఆగకుండ, 14416కు ఫోన్ చెయ్యుర్రి. సర్కారు నడిపే టెలీ మానస్ నంబరది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు.