ఆగిన కాన్వాయ్, కుంగిన రోడ్డు

నేను కెప్టెన్‌గా రాజస్థాన్ సెక్టార్‌లో ఉన్న రోజులవి. మే నెల మిట్టమధ్యాహ్నం టి-72 ట్యాంకును మోసుకెళ్తున్న ట్రైలర్ ఒకటి చెడిపోయి తారురోడ్డుపై నిలిచిపోయింది. ట్యాంకు బరువే దాదాపు 41 టన్నులు. మరమ్మతుకు మూడు గంటలు పట్టింది. ట్రైలర్ కదిలాక చూస్తే చక్రాలు ఆగినచోటల్లా రోడ్డు కుంగి ఉంది. అలాంటి ట్రైలర్లే ఆ ఉదయం అదే రోడ్డుపై వరసగా వెళ్లాయి. వాటి జాడ కూడా లేదు. బరువు అదే, రోడ్డు అదే. మరి తేడా ఎక్కడ?

సమాధానం తారు స్వభావంలో ఉంది. ఇంజినీర్లు దీన్ని విస్కోఎలాస్టిక్ గుణం అంటారు. మన వంటింట్లో బెల్లం పాకం లాంటిదే. వెచ్చగా ఉంటే సాగుతుంది, చల్లారితే పెళుసుగా విరుగుతుంది. తారుపై చక్రం వేగంగా దాటితే ఒత్తిడి క్షణకాలమే ఉంటుంది. రోడ్డు కాస్త వంగి, తిరిగి యథాస్థితికి వస్తుంది. అదే చక్రం ఎండలో గంటలకొద్దీ నిలబడితే తారు మెల్లగా పక్కకు జారుతుంది. ఆ గాడి మళ్లీ పూడదు. విమానాలు నిలిపే ఆప్రాన్‌లను చాలాచోట్ల కాంక్రీటుతో కట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

బరువు లెక్క కూడా సూటిగా ఉండదు. 1950ల చివర్లో అమెరికాలో జరిగిన భారీ రోడ్డు పరీక్షల నుంచి ఒక సూత్రం వచ్చింది. ఇరుసుపై బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, సుమారు 16 రెట్లు.

ఇక లద్దాఖ్‌కు వెళ్దాం. దర్బుక్ నుంచి శ్యోక్ మీదుగా దౌలత్ బేగ్ ఓల్డీ వరకు 255 కిలోమీటర్ల రోడ్డు మన ఉత్తర సరిహద్దుకు ప్రాణనాడి. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తర్వాత దాని విలువ దేశమంతటికీ తెలిసింది. ఇలాంటి ఎత్తుల్లో పగటి ఎండకు నల్లని రోడ్డు వేడెక్కుతుంది, రాత్రికి గడ్డకట్టే చలి. ముడుచుకున్న తారు సాగలేక పగులుతుంది.

దానికి నీరు తోడైతే ముప్పు పెరుగుతుంది. తారు, కంకర మిశ్రమాన్ని వేడి మీదే రోలర్‌తో అణచాలి. అప్పుడు లోపల ఖాళీలు తగ్గుతాయి. కొండల్లో చలిగాలికి మిశ్రమం త్వరగా చల్లారుతుంది. పని చేయడానికి దొరికేదీ ఏడాదిలో కొన్ని నెలలే. తొందరలో అణచడం సరిగా కాకపోతే రోడ్డు లోపల రంధ్రాలు మిగిలిపోతాయి. వాన నీరు వెంటనే ఇంకిపోవాలని కావాలనే రంధ్రాలతో వేసే తారురోడ్లూ ఉన్నాయి. వాటిలో ఖాళీలు 20 శాతం దాకా ఉంటాయి. కింద నీరు బయటకు పోయే ఏర్పాటూ ఉంటుంది. కొండరోడ్డులో మిగిలిన రంధ్రాలకు ఆ దారి లేదు. అక్కడ చేరిన నీరు రాత్రి గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కంకర ఊడుతుంది. మర్నాడు సరుకుల కాన్వాయ్ దానిపైనే వెళ్లాలి.

చలికాలం ముంచుకొచ్చేలోపు రేషన్, ఇంధనం, మందుగుండు పోస్టులకు చేరాలి. ఒక మలుపులో రోడ్డు చెడితే వెనక వాహనాలన్నీ ఆగుతాయి. ఆగినకొద్దీ రోడ్డు ఇంకా కుంగుతుంది.

చేయాల్సినవి అసాధ్యమేమీ కావు. బీఐఎస్ ప్రమాణంలో చల్లని ప్రాంతాలకు వీజీ-10, తీవ్రమైన ఎండకు వీజీ-40 అని తారు రకాలు వేరుగా ఉన్నాయి. ఆ ఎంపికలో రాజీ పడకూడదు. పగలూ రాత్రీ ఉష్ణోగ్రత బాగా మారేచోట పాలిమర్ కలిపిన తారు మేలు. కాన్వాయ్‌లు ఆగే చోట్లు ముందే గుర్తించి అక్కడ కాంక్రీటు గానీ సిమెంటు దిమ్మెలు గానీ పరచాలి. కొన్ని కనుమల్లో సరిహద్దు రహదారుల సంస్థ ఇప్పటికే ఇలా చేసింది. బిల్లు చెల్లించే ముందు రోడ్డు నుంచి ముక్క కోసి, ఎంత గట్టిగా అణిచారో పరీక్షించాలి.

సైన్యం వాడే వంతెనల దగ్గర ఎంత బరువు మోయగలదో చెప్పే పసుపు బోర్డు ఉంటుంది. దాన్ని చూడకుండా ఏ కమాండరూ ట్యాంకు నడపడు. రోడ్డుకు అలాంటి బోర్డు లేదు. ఏటా ఎన్ని కిలోమీటర్లు వేశామో లెక్క చెప్పుకుంటున్నాం. వాటిలో ఎన్ని, బరువైన కాన్వాయ్ ఒక రాత్రి ఆగినా చెక్కుచెదరకుండా ఉంటాయో కూడా చెప్పాలి. ముందు పోస్టులో ఉన్న జవానుకు కావాల్సింది ఆ లెక్కే.