మా లాన్‌కీ భూసార పరీక్ష!

ప్రొడక్షన్‌లో ఒకేసారి మూడు మార్పులు పెట్టకూడదని ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి పాఠాలు చెప్పే నేను, ఇంటి ముందు గడ్డి దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఆ పనే చేశాను. ఫలితం కూడా ఆఫీసులో వచ్చినట్టే వచ్చింది. ఏది చెడగొట్టిందో తెలియకుండా మొత్తం చెడిపోయింది.

సెంట్రల్ న్యూజెర్సీలో మేము ఇల్లు కొన్నది 2016 చివర్లో. ముందూ వెనకా కలిపి సుమారు 5,000 చదరపు అడుగుల పచ్చిక. పచ్చిక అనడం మర్యాద కోసం. నిజానికి అక్కడక్కడ గడ్డి, మిగతాదంతా కలుపు, మధ్య మధ్య బట్టతల. 2017 వేసవిలో అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వస్తున్నారు. నాన్నగారు కృష్ణా డెల్టాలో, కాలవ చివరి భూముల్లో నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి. ఆయన వచ్చేసరికి ఇంటి ముందు పచ్చగా ఉండాలని నా పట్టుదల. దానికి తోడు, మార్చిలోనే మా హెచ్.ఓ.ఏ. వాళ్ళు "మీ లాన్ బాగు చేసుకోండి" అని ఓ ఉత్తరం కూడా పంపించారు.

ఒక్క శనివారం, మూడు తప్పులు

ఏప్రిల్‌లో ఒక శనివారం షాపుకి వెళ్ళి బండి నిండా సంచులు తెచ్చాను. ఒకటి క్రాబ్‌గ్రాస్ రాకుండా ఆపే ప్రీ-ఎమర్జెంట్ మందు. ఇంకొకటి గడ్డి విత్తనం. రెండూ ఆ రోజే చల్లేశాను.

ప్రీ-ఎమర్జెంట్ చేసే పని ఏమిటంటే, నేల పైపొరలో పల్చటి తెరలా ఉండి, మొలకెత్తే విత్తనం వేరుని ఎదగనివ్వకపోవడం. అది కలుపు విత్తనమా, మనం డబ్బు పోసి కొన్న విత్తనమా అని దానికి తేడా తెలియదు. విత్తనంతో కలిపి వాడగలిగే మందులు ఒకటి రెండు ఉన్నాయి కానీ, నేను తెచ్చింది ఆ రకం కాదు. సంచి వెనకాల చిన్న అక్షరాల్లో ఆ ముక్క రాసే ఉంది. మాన్యువల్ చదవకపోవడం మన వృత్తి ధర్మం కదా!

నెలన్నర చూశాను. ఒక్క మొలక రాలేదు. "ఆకలేస్తున్నట్టుంది" అనుకుని జూన్‌లో ఎరువు తెచ్చి, స్ప్రెడర్ మూత బాగా తెరిచి రెండుసార్లు తిప్పాను. వారం తిరిగేసరికి, చక్రం ఎక్కడ తిరిగిందో అక్కడ చారలు చారలుగా గడ్డి మాడిపోయింది. మొత్తం మీద నాలుగు వందల డాలర్ల దాకా ఖర్చుపెట్టి, ఉన్న గడ్డిని కూడా పోగొట్టుకున్నాను.

ఎరువు సంచి మీద ఉండే మూడు అంకెల లెక్క అప్పుడు నేర్చుకున్నాను. మీకూ పనికొస్తుంది. 30-0-4 అంటే బరువులో 30 శాతం నత్రజని, భాస్వరం సున్నా, 4 శాతం పొటాష్. న్యూజెర్సీలో 2011లో చేసిన చట్టం ప్రకారం ఇంటి యజమాని ఒక విడతలో 1,000 చదరపు అడుగులకి 0.9 పౌండుకి మించి నత్రజని వెయ్యకూడదు. ఏడాది మొత్తానికి 3.2 పౌండ్లు. నా 5,000 అడుగులకి ఒక విడతకి 4.5 పౌండ్ల నత్రజని, అంటే 30-0-4 సంచిలోంచి 15 పౌండ్లు. నేను వేసింది నలభై పైచిలుకే.

నాన్నగారు వచ్చారు

జూలై మొదటి వారంలో వచ్చారు. కారు దిగి, ఇల్లు చూడకుండా ముందు నేల చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ జరిగిందంతా చెప్పించుకున్నారు.

"విత్తనం వేసి, విత్తనం మొలవకుండా మందు కూడా వేశావా? మీ ఆఫీసులో జీతం దేనికిస్తున్నార్రా నీకు?" అని అమ్మకి వినపడేలా నవ్వారు. తర్వాత నిదానంగా అడిగారు, "మట్టి చూపించావా?"

లేదన్నాను. చొక్కా జేబులో పెట్టుకునే చిన్న పర్సు తీసి, మడత పెట్టిన కాగితం చూపించారు. 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకంలో మా ఊరి పొలానికి ఇచ్చిన సాయిల్ హెల్త్ కార్డు. "ఎకరానికి ఎంత యూరియా వెయ్యాలో ఇందులో ఉంటుంది. నేల ఏమడుగుతోందో తెలుసుకోకుండా ముందే పెట్టేస్తే ఎలా?" అన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా లాగ్ ఫైలు చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చెయ్యొద్దని నేను చెప్పే మాట ఇదే. ఆయన దాన్ని బురదలో నేర్చుకున్నారు.

ఆ నీళ్ళు ఎటు పోతాయి?

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

గరాజ్‌లో చిరిగిన సంచిలోంచి ఎరువు గుళికలు ఒలికిపోయి ఉన్నాయి. హోస్ పెట్టి, వాటిని డ్రైవ్‌వే మీదుగా రోడ్డు వార ఉన్న జాలీలోకి కొడుతున్నాను. నాన్నగారు మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు.

"ఆ నీళ్ళు ఎటు పోతాయిరా?"

"డ్రైనేజీలోకి నాన్నా. ప్లాంటులో శుభ్రం చేస్తార్లే."

"చూశావా నువ్వు?"

చూడలేదు. ఆ రాత్రి టౌన్‌షిప్ మ్యాపులు తీసి చూశాను. వంటింట్లో నీళ్ళు పోయే గొట్టం వేరు, రోడ్డు మీద వాన నీళ్ళు పోయే గొట్టం వేరు. మా వీధిలో వాన నీళ్ళు ఏ ప్లాంటుకీ వెళ్ళవు. నేరుగా వాగులోకి, అక్కణ్ణించి రారిటన్ నదిలోకి వెళతాయి. సెంట్రల్ జెర్సీలో ఎన్నో ఊళ్ళు తాగే నీళ్ళు ఆ నదివే. గడ్డికి బలమైన నత్రజని, భాస్వరం నీళ్ళలో నాచుకి కూడా బలమే. నాచు పెరిగి, చచ్చి, కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. 2011 చట్టం వచ్చింది కూడా బార్నెగట్ బే లాంటి చోట్ల ఈ గొడవ ముదిరిందనే. ఎరువు సిమెంటు మీద, రోడ్డు మీద పడితే ఊడ్చి ఎత్తాలని అందులో ఉంది. నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా అసలు వెయ్యకూడదు. పరీక్షలో లోపం తేలితే తప్ప, లేదా కొత్తగా గడ్డి వేస్తుంటే తప్ప, భాస్వరం వెయ్యకూడదు.

మర్నాడు తప్పు ఒప్పుకున్నాను. "మనది కాలవ చివరి ఊరు కదరా," అన్నారు నాన్నగారు. "పైవాళ్ళు వదిలిందే మన మంచినీళ్ళ చెరువులోకి వచ్చేది. నీ చిన్నప్పుడు ఆ చెరువు నీళ్ళే కాచి తాగించాం. ఇక్కడ నువ్వు పైవాడివి అయ్యావు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మర్చిపోయేవాణ్ణేమో.

రిపోర్టు ఏం చెప్పింది

రట్గర్స్ విశ్వవిద్యాలయానికి భూసార పరీక్షశాల ఉంది. మీ రాష్ట్రంలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎక్స్‌టెన్షన్ సర్వీసు తప్పకుండా ఉంటుంది. రుసుము ఎరువు సంచి ఖరీదుకి మించదు. నాన్నగారే నమూనా తీశారు. పది పన్నెండు చోట్ల వి ఆకారంలో గుంట తీసి, అయిదారు అంగుళాల లోతు మట్టిని ప్లాస్టిక్ బకెట్లో కలిపి, అందులోంచి ఓ పిడికెడు.

రిపోర్టులో పీహెచ్ 5.4 అని వచ్చింది. గడ్డికి 6 నుంచి 7 మధ్య ఉండాలి. నేల అంత పులిసిపోతే ఎరువు ఎంత వేసినా వేళ్ళు సరిగా అందుకోలేవు. భాస్వరం సరిపడా ఉంది. కావలసింది సున్నం. నేను నాలుగు వందల డాలర్లు తగలేసి కొన్నవాటిలో సున్నం సంచి ఒక్కటీ లేదు!

రెండో సంగతి రిపోర్టు చెప్పలేదు, నాన్నగారి గునపం చెప్పింది. నాలుగంగుళాలు దిగేసరికి ఖంగుమంది. మా ప్రాంతంలో కింద ఎర్ర షేల్ రాయి. ఇల్లు కట్టినప్పుడు పైమట్టి తీసేసి, బరువైన యంత్రాలు తిప్పి, చివర్లో పైన పల్చగా మట్టి పరిచి పచ్చిక వేస్తారు. వేరు దిగడానికి చోటేదీ?

ఎండల్లో నాట్లు వెయ్యరు

నేను వెంటనే మొదలుపెడదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు, అదే సరైనది కూడా. న్యూజెర్సీ, ఒహాయో, షికాగో వైపు లాన్లలో పెరిగేవి చలికాలపు గడ్డి జాతులు: కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రైగ్రాస్. వేసవిలో నీళ్ళు లేకపోతే గోధుమ రంగుకి తిరిగి నిద్రపోతాయి. చచ్చిందో నిద్రపోయిందో తెలియాలంటే ఒక దుబ్బు పీకి మొదలు చూడాలి. తెల్లగా గట్టిగా ఉంటే బతికే ఉంది. వీటికి విత్తనం వెయ్యాల్సింది ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మొదటి దాకా. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, గాలి చల్లబడుతుంది, తొలి మంచుకి క్రాబ్‌గ్రాస్ దానంతటదే చస్తుంది.

ఆగస్టు చివర్లో పక్కింటాయనా నేనూ కలిసి కోర్ ఏరేటర్ అద్దెకి తెచ్చాం. నేలలోంచి రెండు మూడంగుళాల మట్టి కడ్డీల్ని పీకి పైన పడేసే యంత్రం. సున్నం చల్లాం. ఆ తర్వాత విత్తనం.

విత్తనం సంచి మీది లేబుల్ చదవండి. మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, కలుపు విత్తనాల శాతం రాసి ఉంటాయి. కొన్ని సంచుల్లో సగం బరువు పైపూతదే. రట్గర్స్ గడ్డి పరిశోధనకి పెట్టింది పేరు. ప్రొఫెసర్ రీడ్ ఫంక్ న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో తొక్కుడుకి తట్టుకుని బతికిన రైగ్రాస్ మొక్కలు ఏరి తెచ్చి, వాటి నుంచి తయారుచేసిన 'మన్‌హటన్' రకాన్ని 1967లో విడుదల చేశారు. తర్వాత వచ్చిన రకాల్లో, మొక్క లోపలే ఉండి కొన్ని పురుగుల్ని దూరం పెట్టే ఎండోఫైట్ శిలీంధ్రం ఉన్నవీ దొరుకుతాయి.

మేము టాల్ ఫెస్క్యూ ఎక్కువగా ఉన్న మిశ్రమం వేశాం. పాత గడ్డి మీద 1,000 అడుగులకి 4 పౌండ్లు, ఖాళీ చోట్ల దానికి దాదాపు రెట్టింపు. రైగ్రాస్ వారంలో మొలుస్తుంది, ఫెస్క్యూకి రెండు వారాల దాకా, బ్లూగ్రాస్‌కి మూడు నాలుగు వారాలు కూడా పడుతుంది. పదో రోజున రాలేదని మళ్ళీ చల్లకండి.

నీళ్ళు, కోత, యంత్రాలు

మొలక దాకా రోజుకి రెండు మూడుసార్లు పైపైన తడి. నిలదొక్కుకున్నాక వానతో కలిపి వారానికి ఒక అంగుళం, ఒకటి రెండు విడతల్లో, తెల్లవారుజామున. 1,000 అడుగుల మీద ఒక అంగుళం అంటే 623 గ్యాలన్లు. మీ స్ప్రింక్లర్‌కి అంగుళం ఎంతసేపట్లో వస్తుందో తెలియాలంటే నాలుగైదు ఖాళీ డబ్బాలు అక్కడక్కడ పెట్టి చూడండి. తర్వాత కావాలంటే స్మార్ట్ కంట్రోలర్ కొనండి. వాతావరణం చూసి, నేలా ఆకులూ కలిపి ఎంత నీరు ఆవిరి చేశాయో లెక్కకట్టి అదే టైమింగ్ మారుస్తుంది. కానీ డబ్బాల లెక్క దానికి మీరే ఇవ్వాలి. ఇన్‌పుట్ తప్పైతే అవుట్‌పుట్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

కోతకి రెండే సూత్రాలు. ఫెస్క్యూని మూడు అంగుళాల కన్నా కిందికి కొయ్యొద్దు. ఒక్కసారికి ఎత్తులో మూడో వంతు కన్నా ఎక్కువ తియ్యొద్దు. గడ్డి ఎంత పొడుగుంటే వేరు అంత లోతు, నీడకి కలుపు అంత తక్కువ. కోసిన ముక్కల్ని అక్కడే వదిలేస్తే ఏడాదికి కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా అవే ఇస్తాయి. రోబో మూవర్ల అందమూ అదే, రోజూ కాస్త కాస్త కోసి అక్కడే రాలుస్తాయి.

టెక్సాస్, జార్జియా మిత్రులకి ఒక మాట. మీ లెక్క పూర్తిగా తిరగేయాలి. మీ బెర్ముడా వేసవి గడ్డి. ఎరువు చివరి వసంతంలో మొదలుపెట్టి వేసవిలో, కోత ఒకటి రెండు అంగుళాల ఎత్తులో. అన్నట్టు, బెర్ముడా అంటే మరేదో కాదు, వినాయకుడికి పెట్టే మన గరికే! ఈ సంగతి చెబితే నాన్నగారు చాలాసేపు నమ్మలేదు. "గట్ల మీద గరిక పీకడానికి జీవితమంతా కూలీ ఇచ్చాను. దాన్ని డబ్బిచ్చి పెంచుతారా?"

ఆయన ఆశ్చర్యంలో న్యాయం ఉంది. 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం అమెరికాలో పచ్చిక విస్తీర్ణం సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు ఇప్పటి ఆంధ్రప్రదేశ్ అంత! అంత నేల మీద ఎవరి గజం వాళ్ళు చూసుకుంటున్నాం. అందుకే వెనకాల కంచె పక్కన ఎప్పుడూ నీడగా ఉండే ముక్కలో నేను గడ్డి కోసం పోరాడటం మానేశాను. ఎండ పడే ఇంకో ముక్కలో గోంగూర, బెండ వేస్తున్నాం.

అక్టోబరు మధ్యలో అమ్మా నాన్నా తిరిగి వెళ్ళేనాటికి ముందువైపు లేత పచ్చగా అలుముకుంది. మేపుల్ చెట్టు కింద మాత్రం ఇంకా పల్చగానే ఉంది, ఇప్పటికీ అంతే. విమానానికి వెళ్ళే రోజు పొద్దున నాన్నగారు చెప్పులు విప్పి ఆ గడ్డి మీద అటూ ఇటూ నడిచారు. ఆయన మళ్ళీ రాలేదు. మోకాళ్ళు అంత దూరం ప్రయాణాన్ని ఒప్పుకోవడం లేదు. ఆదివారం ఫోన్లో మాత్రం గడ్డి ఎలా ఉందని అడగరు. "వాగులో నీళ్ళు బాగున్నాయా?" అని అడుగుతారు. ఇప్పుడు చూసి వచ్చే జవాబు చెబుతున్నాను.

ఈ వారాంతం షాపుకి బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. బకెట్టూ పారా తీసుకుని, పది చోట్ల మట్టి తియ్యండి. సంచుల సంగతి రిపోర్టు వచ్చాక చూద్దాం.