కంప్యూటరులో వంతులు, అంతస్తులు

ప్రసంగము సాగుచుండగా ధ్వని క్షణమాత్రము తెగినను శ్రోత చెవి పసిగట్టును. అదే ఉత్తరమొకటి అచ్చగుటకు అరసెకను ఆలస్యమైన నెవరును గమనింపరు. రేడియో నడపు మాకీ భేదము నిత్యానుభవము. ధ్వనిని నడపు పని కంప్యూటరుకు అప్పగించిన ఈ కాలమున, ఆ యంత్రమునకును ఈ భేదమును తెలుపవలసియున్నది.

1969 లో బెల్ ప్రయోగశాలలయందు పుట్టిన యూనిక్స్, దాని ననుసరించిన లినక్స్ మొదలగు వ్యవస్థలు ఒకే ప్రాసెసరును అనేక కార్యక్రమములకు వంతులవారీగా పంచిపెట్టును. సాధారణముగా, ఎక్కువసేపు నడచిన పని వెనుకకు జరుగును. వేచియున్నది ముందునకు వచ్చును. ‘నైస్’ అను సంఖ్య, లినక్స్‌లో -20 మొదలు 19 వరకు, ఈ పంపకమును కొంత హెచ్చుతగ్గులు చేయునే కాని గడువునకు హామీ ఇయ్యజాలదు.

హామీ కావలసినపుడు స్థిర ప్రాధాన్యమును ఆశ్రయింతుము. 1993 నాటి పోసిక్స్ ప్రమాణము ఇందుకు రెండు పద్ధతులను నిర్ణయించినది. లినక్స్ వీనికి 1 మొదలు 99 వరకు అంతస్తులు ఏర్పరచినది. అంకె పెద్దదైనకొలది అధికారము హెచ్చు. ‘ఫైఫో’ పద్ధతిలో పై అంతస్తు పని సిద్ధమైన వెంటనే క్రిందిదానిని తొలగించి ప్రాసెసరును గైకొనును. తాను విడిచిననే తప్ప, లేక అంతకు పైది వచ్చిననే తప్ప వదలదు. ‘రౌండ్ రాబిన్’ పద్ధతిలో ఒకే అంతస్తువారు కొలది కొలది కాలము చొప్పున వంతులు తీసికొందురు. ‘సిహెచ్‌ఆర్‌టి’ అను ఆజ్ఞతో ఈ అంకెను నిర్ణయింపవచ్చును. సామాన్యముగా ఇందుకు నిర్వాహకుని అధికారము కావలెను.

ప్రమాదమును లేకపోలేదు. పై అంతస్తు పని అంతులేని వలయమున చిక్కినచో, దాని నాపుటకు మన మిచ్చు ఆజ్ఞకే వంతు రాకపోవచ్చును. అందుచేతనే లినక్స్, వేరుగా చెప్పనంతవరకు, సెకనులో ఇరువదవ భాగమును సాధారణ కార్యక్రమములకు మిగుల్చును.

మరియొక చిక్కు 1997 జూలై 4 న అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌకలో బయల్పడినది. దాని వ్యవస్థ విఎక్స్‌వర్క్స్. సూత్రము మాత్ర మిదియే. వాతావరణ వివరములు సేకరించు క్రింది అంతస్తు పని ఉమ్మడి తాళమును పట్టియుండగా, మధ్య అంతస్తు పనులు దానిని నిలిపివేసినవి. ఆ తాళమునకై వేచిన పై అంతస్తు పని గడువు తప్పినది. కంప్యూటరు మరల మరల మొదటికి వచ్చినది. తాళము పట్టినదానికి, దానికై వేచినదాని అంతస్తును తాత్కాలికముగా ఇచ్చు ఏర్పాటును ఇంజనీర్లు భూమినుండియే అమలుపరచిరి.

కావున పెద్ద అంకెను ముఖ్యమైన పనికి గాక, గడువు గలిగి త్వరగా ముగియు పనికే ఇయ్యవలెను. పొయ్యిమీద పాలు పొంగుచున్నపుడు తరుగుచున్న కూరను వదలి లేతుము. పాలు కూరకంటె గొప్పవని కాదు, అవి ఆగవని.